అయ్యని నాన్నగారూ అన్నందుకు

ఆ రోజుల్లో లోకంలో ఏ మూల కొత్త చదువు పుట్టినా తిన్నగా వచ్చి మా బడిలోనే వాలుతుందని నాకు గట్టి నమ్మకం. ఉద్దానం తీరంలో ఒక జాలర్ల ఊరి బడిలో కొత్తగా టీచరుగా చేరాను. చేరిన కొన్నాళ్ళకే, పిల్లలు చదువుతుంటే విని తప్పులు దిద్దే ట్యాబులొచ్చాయి. తెలివి ఏ దేశానిదో గానీ, గొంతు తెలుగుదే. (మా వైపు తెలుగు కాదు. ఆ మాటకొస్తే ఏ వైపుదీ కాదు.) పిల్లలు "సెట్టు" అంటే "మళ్ళీ ప్రయత్నించండి" అనేది, "చెట్టు" అంటే చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్ల కోసం మూడో తరగతిలో బుల్లి అనే పిల్ల నోరు తిప్పుకుని తిప్పుకుని, చివరికి అచ్చం ట్యాబులాగే మాట్లాడేసింది. అదంతా నా గొప్పేనని పలాసలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

ఒక పొద్దున్న బుల్లి వాళ్ళ అయ్య వేట నుంచి వచ్చి, తడి లుంగీతోనే గుమ్మంలో నిలబడ్డాడు.

"టీచరమ్మా, నానేటి తప్పు సేసినాను?"

"ఏమైంది?"

"రేతిరి కూడు తింతంటే, 'నాన్నగారూ, దయచేసి నీళ్ళు అందించండి' అంది మా గుంట. దానమ్మ దిష్టి తీసేసింది. నాకైతే ఎవులింటి పిల్లో మాయింటికి సుట్టపుసూపుగా వచ్చినట్టుంది. దానికి నామీద కోపమేటి?"

నాకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వలేదు. కళ్ళు తడిగా ఉంటే ఉప్పుగాలి వల్లేననుకున్నాను (అలా అనుకోవడమే నాకు సులువు). బుల్లిని పిలిచి, "ఇంట్లో మామూలుగా మాట్లాడమ్మా" అన్నాను. అది ట్యాబు వైపు చూసి, "అలా మాట్లాడితే తప్పు కదా టీచర్" అంది.

"ఏదీ, దాంతో నాను మాటాడతాను" అంటూ ఆయన ట్యాబు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "మా గుంటకి ఏటి సెప్తన్నావు?"

"మళ్ళీ ప్రయత్నించండి."

ఇంకాస్త గట్టిగా అడిగాడు. అదే మాట. ఈసారి ఒడ్డు మీంచి నడిసంద్రంలో తెప్పని పిలిచినట్టు కేకేశాడు. పక్క తరగతి పిల్లలు కిటికీల దగ్గర మూగారు. అది మాత్రం చల్లగా, "మళ్ళీ ప్రయత్నించండి" అంది.

బుల్లికి రోషం పొడుచుకొచ్చింది. "ఓలయ్యో, అరవకు! దానికి సెవుడు, నీకు సిగ్గు నేదు!"

"అదిగో, నా గుంట!" అంటూ ఆయన దాన్ని భుజానికెత్తుకుని గది నాలుగు మూలలా తిప్పాడు.

బుల్లి ఇప్పుడు టెక్కలిలో కాలేజీ చదువుతోంది. మాస్టార్ల దగ్గర ఒక మాట, ఇంట్లో ఒక మాట, రెండూ దాని నాలుక మీదే ఉన్నాయి. కొత్త ఫోన్లకి మన యాస కూడా తెలుస్తుందని మొన్న అదే నాకు చెప్పింది. ఇంతమందికి పాఠాలు చెప్పినదాన్ని, ఫోనుతో చిన్నప్పుడు మా అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడ్డానికి సిగ్గేసింది. స్టాఫ్ రూములో ఎవరూ లేరని చూసుకుని, మెల్లిగా "ఏటి సేత్తన్నావే?" అన్నాను. అదేం చెప్పిందో నేను వినలేదు. ఎన్నాళ్ళకో నా నోటివెంట ఆ మాట వినబడి, నాకే నవ్వొచ్చేసింది.