వేప పుల్లతో విన్న చప్పుడు

సంగారెడ్డి నుంచి సైన్సు మ్యూజియానికి పోదామనుకునే తల్లులకు ముందుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆదివారం పొద్దున ఏడున్నర బస్సు తప్పితే తొమ్మిది దాకా మరొకటి లేదు. మేము ఏడుంబావుకే బస్టాండులో ఉన్నాం. మేమంటే నేను, మా అత్తమ్మ, నాలుగున్నరేళ్ళ నా కూతురు రమ. పప్పుల దుకాణం మూయలేక మావారు రాలేదు.

రమకు ఇంకా మాటలు రాలేదు. "అమ్మ" అంటుంది, ఇంకో రెండు మూడు మాటలు సగం సగం పలుకుతుంది. వెనక నుంచి పిలిస్తే తిరగదు. దానికి వినపడటం లేదని రెండేళ్ళుగా నా భయం. వాళ్ళ నాన్నకూ ఐదేళ్ళ దాకా మాటలు రాలేదని అత్తమ్మ అంటుంది. పట్నంలో చెవుల డాక్టరు మాట ఎత్తితే చాలు, ఆడపిల్లను ఆస్పత్రికి తీసుకుపోతే చెవిటిదన్న పేరు ఊరంతా పాకుతుందని అడ్డుపడుతుంది.

అట్లాంటప్పుడు పేపరులో ఈ మ్యూజియం సంగతి చదివాను. పటాన్‌చెరు అవతల ఒక ఫ్యాక్టరీ కాలనీలో పెట్టారు, ఆదివారాలు కుటుంబాలతో రావచ్చు. అక్కడున్న వాటిలో ఒకదాని పేరు 'పళ్ళతో వినండి'. బి.ఎస్సీ.లో చదివింది గుర్తొచ్చింది: చెవి దారి మూసుకుపోయినా ఎముక గుండా శబ్దం లోపలికి చేరుతుంది. మ్యూజియానికి పోతామంటే ఎవరూ కాదనరు. అత్తమ్మకు మాత్రం అక్కడ రైలింజను ఉందని చెప్పాను.

బస్సు వేళకే కదిలింది. దారికి ఒక పక్క జొన్న చేలు, ఇంకో పక్క కొత్తగా లేస్తున్న ప్రహరీ గోడలు, పొగగొట్టాలు. ఎనిమిదింబావుకు పటాన్‌చెరులో దిగాం. బయటి తిండి అత్తమ్మ ముట్టదు కాబట్టి తెచ్చుకున్న సర్వపిండి బెంచీ మీదే తిన్నాం. తొమ్మిదికి పది నిమిషాలు తక్కువగా పట్నం బస్సు దొరికింది.

అందులో ఇంద్రేశం నుంచి జామకాయల గంపతో వచ్చిన ఒకామె మా పక్కన కూర్చుంది. రమ చేతిలో ఒక కాయ పెట్టి పేరు అడిగింది. రమ కిటికీలోంచి చూస్తూ కాయ కొరుకుతోంది. ఆమె రెండోసారి అడిగింది, మూడోసారి అడిగింది.

"నీ మనుమరాలికి శాన గర్వమున్నదమ్మా," అని నవ్వింది.

"గర్వం గాదు, సిగ్గు. జెర సిగ్గెక్కువ," అంది అత్తమ్మ, చప్పున రమ తల తన వైపు తిప్పుకుంటూ. అత్తమ్మకూ అనుమానం ఉందని నాకు అప్పుడు తెలిసింది.

కాలనీ గేటు దగ్గర దిగి పది నిమిషాలు నడవాలి. తొమ్మిదిన్నరకు తలుపులు తీస్తారు. లోపలికి టికెట్టు లేదు, పుస్తకంలో పేరు రాస్తే చాలు. రేకుల షెడ్డంత పెద్ద హాలు. ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చిన వాళ్ళు పెళ్ళాం పిల్లలతో తిరుగుతున్నారు. మీట నొక్కితే చక్రాలు తిప్పే రైలింజను దగ్గర పిల్లలు కదలరు. దాన్ని చివరికి ఉంచుకోవడం మేలు. మనిషిని పొట్టిగా, లావుగా చూపే అద్దం ముందు అత్తమ్మ చాలాసేపు నిలబడింది. మా పెద్ద ఆడపడుచు అచ్చం ఇట్లనే ఉంటదని నా చెవిలో చెప్పి, ఈ మాట ఇంట్ల అనకు అంది.

పదిన్నరకు నేను వెతుకుతున్న బల్ల దొరికింది. దాని ముందు ఎవరూ లేరు. దూది కుక్కిన చెక్కపెట్టె, లోపల కరెంటుతో కొట్టుకునే చిన్న సుత్తి. బయటికి చప్పుడు రాదు. పెట్టె లోంచి వచ్చిన ఇనుప కడ్డీని పళ్ళతో పట్టుకుంటే టకటక వినిపిస్తుందట. దాన్ని చూపించే అతను ఫ్యాక్టరీలో ఫిట్టరు, ఆదివారాలు ఇక్కడ పనిచేస్తాడు. పక్కన స్పిరిటు సీసా, దూది ఉన్నాయి.

"ఎంతమంది నోట్ల పెట్టుకున్నరో. ఎంగిలి," అంది అత్తమ్మ.

స్పిరిటుతో తుడుస్తానన్నాడు అతను.

"తుడిస్తె ఎంగిలి పోతదా నాయినా?"

"ఎంగిలెక్కడిదమ్మా? పొద్దుగాల్నుంచి ఒక్కరు గూడ ముట్టలే. ఈ కడ్డీ మీకంటె ఎక్కువ మడితోటి ఉన్నది."

అత్తమ్మ నవ్వలేదు. రమను ఎత్తుకుని వెళ్ళబోయింది. ఇక దాచలేక, దీనికోసమే వచ్చామని, రమకు ఏమైనా వినిపిస్తుందేమో చూడాలని చెప్పేశాను. ఆమె నన్ను చూసి, రమను నా చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయింది. తిరుగు బస్సు దాకా నాతో మాట్లాడదనుకున్నాను.

కిటికీలోంచి చూస్తే కాలనీ తోటలో వేప కొమ్మ వంచుతోంది. పళ్ళు తోముకునే పుల్లల్లాగా జానెడేసి విరిచి, నల్లా కింద కడిగి, గుప్పెడు పట్టుకుని వచ్చింది.

"ఈ కొస కడ్డీకి ఆనిస్త, ఆ కొస పిల్ల నోట్ల ఉంటది. చప్పుడు పుల్లెంబడి రాదా?"

ఫిట్టరు ఒక క్షణం ఆలోచించి, వస్తదన్నాడు. ముందు అత్తమ్మే ఒక పుల్ల కొరికి చూసింది. తల ఊపి, ఇంకో పుల్ల రమ పళ్ళ మధ్య పెట్టింది.

రమ చేదుకు మొహం చిట్లించింది. అంతలోనే కదలడం మానేసింది. కాసేపటికి దాని చూపుడువేలు బల్ల మీద కొట్టడం మొదలుపెట్టింది, టక, టక. ఫిట్టరు మాకు సైగ చేసి పెట్టె వెనక మీట ఆపాడు. వేలు ఆగింది. మళ్ళీ వేశాడు. వేలు లేచింది.

"ఇంకోపారి ఆపు," అంది అత్తమ్మ. మూడుసార్లు ఆపించింది.

"నేను డాక్టర్ను గాను," అన్నాడతను. "పళ్ళకు అదురు తగిలి గూడ కొట్టొచ్చు. కని ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పుండ్రి. పట్నంల పెద్దాసుపత్రిల చెవుల డాక్టరు మంగళారం చూస్తడు."

మిగిలిన పుల్లలు చూసి జనం ఆ బల్ల దగ్గరికి రాసాగారు. అత్తమ్మ తలా ఒకటి పంచి, అయిపోతే మళ్ళీ విరుచుకొచ్చింది.

ఒంటిగంటకు చెట్టు నీడలో పెరుగన్నం తిని బయలుదేరాం. రెండున్నరకు పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సు ఎక్కాం. సగం మంది మా బజారు వాళ్ళే. రమ ముందు సీటు కడ్డీకి గడ్డం ఆనించి, ఇంజను గుర్రుమన్నప్పుడల్లా నవ్వుతూ వచ్చింది.

పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరేంత దూరమే. పిల్లలతో తప్పక చూడదగ్గ చోటు. నేను వెతుక్కుంటూ పోయింది దొరికిందో లేదో డాక్టరు చెప్పాలి, కానీ అడిగే ధైర్యం మాత్రం దొరికింది.

కంది దగ్గర టికెట్లు చూడటానికి వచ్చిన కండక్టరును, మంగళవారం పట్నానికి మొదటి బస్సు ఎప్పుడని అత్తమ్మ అడిగింది. ఆరుంబావుకని చెప్పి, అంత పొద్దుగాల పట్నంల ఏం పనమ్మా అన్నాడతను.

"మా మనుమరాలి చెవులు చూపియ్యాలె," అంది అత్తమ్మ, బస్సులో అందరికీ వినిపించేలా.