చెయ్యెత్తితే ఆగిన పందెం కారు

మద్రాసుకు ఉత్తరాన, యుద్ధకాలంలో విమానాలు దిగడానికి వేసిన సిమెంటు బాట ఒకటి ఉండేది. యుద్ధం అయిపోయాక విమానాలు పోయి, కార్ల పందేలు వచ్చాయి. తర్వాత అవీ పోయాయి. ఇప్పుడక్కడ ఇళ్లు లేచాయి, ఆనవాలు చెప్పేవాళ్లు కూడా లేరు. మా మేనమామ వెంకటముని చెప్పగలిగేవాడు కానీ, ఆ మైదానం మాట ఎత్తితే చాలు, చుట్ట వెలిగించుకునే నెపంతో వీధిలోకి వెళ్లిపోయేవాడు. అందుకే ఈ సంగతి ఆయన భార్య మునిరత్నమ్మ అత్త నోట విన్నాను.

1946లో మామ తిరుపతి–చిత్తూరు బస్సు డ్రైవరు. ఆ సీట్లోకి వచ్చి ఏడాది. అంతకుముందు ఐదేళ్లు క్లీనరు. బస్సులకు పెట్రోలు దొరకని రోజులవి. బస్సు వెనక బొగ్గుపొయ్యి ఉండేది, దాని గ్యాసుతోనే ఇంజను నడిచేది. కోడి కూయకముందే దాన్ని రాజేసి, గ్యాసు పుట్టేదాకా చేతులు పడిపోయేలా పంకా తిప్పాలి. ఐదేళ్ల పొగకు వచ్చిన దగ్గు మామను ఇంకా వదల్లేదు. మళ్లీ ఆ పొయ్యి దగ్గరికి పోవడమంటే ఆయనకు చావుతో సమానం.

బస్సు యజమాని దామోదరం, మామ మాటల్లో ముదలాళి, మంచివాడే, కోపం రానంతవరకు. మద్రాసు పందెంలో తానే నడపాలని తన పాత కారుకు మెరుగులు పెట్టించి, బరువు తగ్గడానికి డ్రైవరు సీటు తప్ప మిగతావన్నీ పీకించాడు. తీరా పందెం నాటి పొద్దున కారు స్టార్టు చేయడానికి తిప్పుతున్న హ్యాండిలు ఎదురుతిరిగి ఆయన మణికట్టు విరిగింది.

చేతికి కట్టు కట్టించుకుని వచ్చి, తోడు తెచ్చుకున్న మామతో అన్నాడు: "నువ్వు కూసో."

"నాకు బస్సు తప్ప ఏమీ తెలీదు ముదలాళీ."

"బస్సుకూ నాలుగు చక్రాలే, దీనికీ నాలుగే గదప్పా. నువ్వు గెలవబల్లేదు. అందరికన్నా కడగా మాత్రం రాబాక. ఈ మద్రాసోళ్ల ముందర నా తల దించినావంటే, మళ్లా బొగ్గుపొయ్యే నీకు."

ఐదు కార్లు. ఆరు చుట్లు. మలుపుల దగ్గర తారు పీపాలు నిలబెట్టారు. జెండా దిగింది. మొదటి చుట్టులో మామే కడ. చెమటకు చేతులు జారుతున్నాయి, ముందు కార్ల దుమ్ము తప్ప ఏమీ కనబడటం లేదు. కానీ బొగ్గు బస్సుకు ఒకసారి ఊపు పోతే మళ్లీ తొందరగా రాదు. అందుకని ఆ బస్సు నడిపినవాళ్లు మలుపులో బ్రేకు జోలికి పోరు. మామా పోలేదు. మూడో చుట్టులో ఒకణ్ణి దాటాడు. ఐదో చుట్టులో ఇంకొకణ్ణి. పీపా అంచును చక్రం రాసుకుపోయింది. ఆఖరి చుట్టుకు మూడోవాడు. ఇంకొక్క మలుపు. వెనక రెండు కార్లు మీదికొస్తున్నాయి.

అప్పుడు బాట అంచున ఒక అవ్వ, నెత్తిన గడ్డిమోపుతో, చెయ్యెత్తింది.

ఆ పందెం మొత్తంలో మామ బ్రేకు తొక్కింది ఒక్కసారే. కారు కీచుమంటూ పోయి సరిగ్గా ఆమె ముందర, బస్సు నిలిపినట్టే నిలిచింది.

"ఎక్కవ్వా, బిన్నా ఎక్కు! యాడికి?" అని మామ తొందరపెట్టాడు.

ఎక్కడానికి సీటు లేదని అడిగాక గుర్తొచ్చింది. ఇంజను ఆగిపోయింది. వెనక కార్లు రెండూ రయ్యిమని దాటిపోయాయి.

"నేనెక్కను నాయనా. మీరు రవ్వంత నిలబడితే అవతలికి దాటుకుంటా. పొద్దుట్నించీ తిరిగిందే తిరగతా ఉండారు. దోవ తెలీలేదా మీకు?" అని అవ్వ నిమ్మళంగా దాటిపోయింది.

మామ దిగి, హ్యాండిలు తిప్పి, కడగా వచ్చాడు. మద్రాసువాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. దామోదరం నవ్వలేదు, తిట్టలేదు. అదే మామకు మరీ భయం.

తిరుగుదారిలో దామోదరం సీటు లేని చోట గోనెసంచి పరుచుకుని, కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గుంతల్లో కారు ఎగిరినప్పుడల్లా పళ్లు కొరుకుతున్నాడు. తిరుత్తణి దాటింది. మామ గొంతులో అప్పుడే బొగ్గుపొగ ఆడుతోంది.

నగరి దాటాక రోడ్డు పక్కన ఒక నేతాయన, భుజాన చీరల మూట, చెయ్యెత్తాడు. మామ కాలు బ్రేకు మీదికి లేచింది. దాన్ని బలవంతాన వెనక్కి లాక్కుని, నేరుగా ముందుకు చూస్తూ దాటించేశాడు.

"నిలుపు," అన్నాడు దామోదరం.

మామ నిలిపాడు.

"ఏమప్పా, పందెంలో తొక్కిన బ్రేకు ఈడ తొక్కలేదే?"

"తప్పయిపోయింది ముదలాళీ..."

"ఏది తప్పు? మా నాయన బస్సు పెట్టిన కాణ్నుంచి, దోవలో చెయ్యెత్తినోణ్ణి ఇడిసిపెట్టి పోయిండేది ల్యా. వెనక్కి తియ్యి."

నేతాయన ఎక్కి, గోనెసంచి మీద దామోదరం పక్కన సర్దుకున్నాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు.

"సీట్లు యాడ పోయినాయి సామీ?"

"పందేనికి పోయినాయి."

"అట్నా! గెలిచినారా?"

"ఇంకొక మాట అడిగినావంటే ఈడనే దించేస్తా."

తిరుపతిలో దిగేటప్పుడు దామోదరం వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "రేపు ఆరు గంటలకు బస్సు నువ్వే తీయల్ల. ఒగటే మాట. ఈడ జరిగింది, ఆడ జరిగింది, ఊళ్లో ఎవురికీ చెప్పబాక."

మామ మాట తప్పలేదు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అత్తకొక్కదానికే చెప్పాడు. మరుసటి రోజు ఆరు గంటల బస్సు ఎక్కినవాళ్లంతా దిగేటప్పుడు, "దోవ తెలిసిందా అబ్బా?" అని అడిగి మరీ దిగారట.