కచేరీ ముందు దించిన దోనె

ఇన్నాళ్ళూ నా మాట చెవిన వేసుకున్నవాడు లేడు. ఏలూరు కచేరీలో ఏ బల్ల మీద నా అర్జీ పెట్టినా మరునాటికి అది పక్క బల్ల మీద ఉండేది. చదివినవాళ్ళు నవ్వారు, చదవనివాళ్ళు తర్వాత రమ్మన్నారు. నాకు రావలసిన జీతం నేటికీ రాలేదు కనుక జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను.

అది పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. నేను రెవిన్యూ గుమాస్తాను. వరద పని మీద నన్ను కొల్లేటి లంకలో వేశారు. మునిగిన చేలు చూడడానికి సర్కారువారి తాటిదోనె ఒకటి నా ఛార్జిలో ఉండేది. వానలు జోరుగా పడుతుండగా నన్ను తాడేపల్లిగూడేనికి పై జీతం మీద రెవిన్యూ ఇన్‌స్పెక్టరుగా వేస్తూ ఉత్తర్వు వచ్చింది. నా బదులు మనిషి వచ్చి, దోనెతో సహా ఛార్జి తీసుకునేదాకా కదలవద్దని అందులోనే ఉంది.

బదులు మనిషి వచ్చాడు, గట్టు దాకా. దోనెను చూసి కొత్త జోళ్ళతో అక్కడే నిలబడిపోయాడు.

"నాకు ఈత రాదండీ," అన్నాడు నాతో.

"ఈత వస్తే ఇంక దోనెందుకండి బాబూ! ఎక్కండి," అన్నాడు దోనె నడిపే ముసలాయన.

"పోనీ, ఇక్కడే సంతకం పెట్టెయ్యండి," అన్నాను.

"ఎక్కి చూడకుండా ఎలా పెడతానండీ? నీళ్ళు తగ్గాక వస్తాను, ఏమీ అనుకోకండి," అని వచ్చిన బండిలోనే ఏలూరు వెళ్ళిపోయాడు.

కొల్లేటి నీళ్ళు తగ్గడమంటే దీపావళి దాటాలి. పై అధికారులకు రాస్తే జవాబు లేదు. చూసి చూసి, దోనెను ఎడ్లబండి మీదికి ఎక్కించి నేనే ఏలూరు తీసుకుపోయాను. బజారులో ఒక షావుకారు కొట్లోంచి అరిచాడు: "ఏవండీ, ఇక్కడ చేపలు దొరకవండీ, బియ్యమే!"

కచేరీ ముందు దోనె దింపించి బదులు మనిషిని పిలిచాను. "నేల మీదే ఉంది, ఎక్కి చూసుకోండి." గుమాస్తాలందరూ వరండాలోకి వచ్చారు. అతను ఎక్కాడు, అటూ ఇటూ చూశాడు, కలం కూడా తీశాడు. అప్పుడు కచేరీ గుమాస్తాలందరికీ పెద్ద అయిన శిరస్తాదారు బయటికొచ్చారు.

"ఎవరి ఉత్తర్వు మీద కదిపారండీ సర్కారు దోనెని?"

"కదలొద్దని నాకు రాశారు గానీ దోనెకి రాయలేదు గదండీ."

"దోనెకి ఇక్కడేం పనండీ? ఛార్జి లంకలోనే అప్పగించాలి. తిప్పండి బండి!"

బండి తిప్పాను. కిరాయి నేనే ఇచ్చుకున్నాను. మళ్ళీ అదే బజారు, అదే షావుకారు: "చేపలు పడ్డాయా అండీ?"

నీళ్ళు తగ్గాక అతను తీరుబడిగా వచ్చి ఛార్జి తీసుకున్నాడు. నేను తాడేపల్లిగూడెంలో చేరేటప్పటికి, ఉత్తర్వులో నా కింద పేరు ఉన్నవాడు నాకంటే ముందే ఇన్‌స్పెక్టరై నాకు పై వరసలో ఉన్నాడు. కొత్త జీతం నేను చేరిన రోజు నుంచే కట్టారు. ఉత్తర్వు నాటి నుంచి తేడా ఇప్పించమని ఏలూరు కచేరీకి వెళ్ళి శిరస్తాదారును అడిగాను.

"ఆ పని మీరు చెయ్యలేదు గదండీ! చెయ్యని పనికి జీతం ఎలా ఇస్తాం?"

"చెయ్యనివ్వనిదెవరండీ?"

"కొల్లేరండీ," అన్నారాయన.

గది గదంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో, ఏ బల్ల దగ్గర కూర్చుని నవ్వారో ఈనాటికీ చెప్పగలను.

కొల్లేరు మీద నిందెందుకు? ఆ నీళ్ళుండగానే దోనెతో సహా ఏలూరు వచ్చాను. బజారంతా చూసింది, ఆ షావుకారూ చూశాడు. ఆ శిరస్తాదారు ఎప్పుడో వెళ్ళిపోయారు. నేనూ పింఛను పుచ్చుకుంటున్నాను. ఆ కుర్చీలో ఇప్పుడెవరున్నారో వారినే అడుగుతున్నాను: అతను కలం తీశాక నా బండి వెనక్కి తిప్పించింది ఎవరండీ? మీ కచేరీ కాదూ? అయితే నా జీతం ఇప్పించండి. కాదంటే ఎందుకు కాదో రాసి, కింద మీ సంతకం పెట్టి పంపండి.