‘ఏం కాలేదు’ అని నొక్కిన క్లిప్పులు

సోమవారం పొద్దున నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగుతుంటే ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. మా టీమ్‌లో అందరం అక్కా అని పిలిచే ఆమె పోయింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ రోజంతా ఆమె కుర్చీ వైపు చూడలేకపోయాను. దుఃఖం ఒక్కటే కాదు, ఆమెకు సమాధానం బాకీపడ్డవాడి బెరుకు కూడా.

మా పనేంటో చెప్పాలి. పరాయి దేశంలో డ్రైవర్ లేకుండా తిరిగే కార్ల వీడియోలు మాకొస్తాయి, ఒక్కోటి పది సెకన్లు. కారు మనిషికి తగలబోయి త్రుటిలో తప్పిపోయిందంటే ఒక బటన్, ఏం కాలేదంటే ఇంకో బటన్. మేం నొక్కినవన్నీ కూడి, ఆ కారు ఎంత భద్రమో కంపెనీ ఒక అంకె చెబుతుంది, మా క్యాంటీన్ గోడ మీద కూడా వేస్తుంది.

ఈ పని నాకు నేర్పింది అక్కే. ఈ ఐటీ టవర్లు రాకముందు నుంచీ వాళ్లది నానక్‌రామ్‌గూడే. అంతకుముందు పదేళ్లు వాహన బీమా ఆఫీసులో యాక్సిడెంట్ కాగితాలు చూసిందట. స్క్రీన్‌కు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చునేది. టిఫిన్ డబ్బాలో నాకోసం రోజూ ఒక జొన్నరొట్టె ఎక్కువ తెచ్చేది, వద్దంటే కోప్పడేది.

ఒకరోజు లంచ్‌కు ముందు నన్ను కిందికి, మెయిన్ రోడ్డు మీదికి తీసుకెళ్లింది. ఇద్దరం దాటుతుంటే ఒక కారు నా బ్యాగును రాసుకుంటూ పోయింది. నేను తల కూడా తిప్పలేదు.

“ఇప్పుడేమైంది తమ్మీ?”

“ఏమీ కాలేదు గదక్కా.”

“గదే చెప్తున్న. మన కండ్లు గిట్ల అలవాటు పడ్డయి. గీ కండ్లతోనే గా పరాయి దేశం రోడ్లను చూస్తున్నం. ఏం కాలేదంటే, కానియ్యనిది ఎవరు? కారా, ఎనకకు దుంకిన మనిషా?”



పాత క్లిప్పులన్నీ మళ్లీ చూడాలని అక్క మేనేజర్‌కు ఉత్తరం రాసిపెట్టింది. పంపేముందు ఇంకొకరి పేరు కూడా ఉంటే బాగుంటుందని నా దగ్గరకొచ్చింది. ఆ నెలే నా కాంట్రాక్ట్ రెన్యువల్. “చూద్దాంలే అక్కా” అన్నాను.

“మంచిది, ఆలోచించు. నేను గా కార్లకు దుష్మన్‌ను కాదు. మనకంటే మంచిగనే నడుపుతయేమో. గని గట్ల చెప్పాల్నంటే లెక్క సాఫ్ ఉండాలె.”

మళ్లీ అడగలేదు. నేనే మూడు వారాలు టీ టైమ్‌లో ఆమెకు ఎదురుపడకుండా తిరిగాను. రొట్టె మాత్రం నా టేబుల్ మీదికి వస్తూనే ఉంది. సిగ్గు లేకుండా తిన్నాను.

బుధవారం, మళ్లీ చూడాల్సిన క్లిప్పులూ ఆ పంపని ఉత్తరమూ ఉన్న ఆమె ఫైల్ తెరిచాను. నేను ‘ఏం కాలేదు’ అని నొక్కిన క్లిప్పులు చాలానే ఉన్నాయి అందులో. ఒకదాని పక్కన ‘పది సెకన్ల తర్వాత కూడా చూడు’ అని రాసి ఉంది. పది సెకన్లకు కోయని అసలు వీడియో తీసి చూశాను. తర్వాత ఆ ఉత్తరంలో ఆమె పేరు కింద నా పేరు రాసి పంపించాను. ఇంతవరకు జవాబు లేదు. అంకె క్యాంటీన్ గోడ మీద అలాగే ఉంది. ఆమె బతికుండగా ఈ పని చేయలేదన్న బాధ నన్ను వదలడం లేదు.

ఆ వీడియోలో ఒక ముసలామె రోడ్డు మీదికి అడుగు వేసి, కారును చూసి వెనక్కి తూలుతుంది. కారు వెళ్లిపోతుంది. నా పది సెకన్లు అక్కడితో అయిపోయాయి. ఆ తర్వాత రోడ్డు ఖాళీ అవుతుంది, దాటమని ఆమెకు సిగ్నల్ పడుతుంది. ఆరిపోతుంది, మళ్లీ పడుతుంది. ఆమె స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడి ఉంటుంది.