మరుసటి ఏడాది ప్యూబ్లా ఓడిపోయింది

నాకు నోరెక్కువ. మా అమ్మ అనేది, మా అత్తగారు అనేవారు, పెళ్ళయిన ఈ ఇరవై ఆరేళ్ళుగా మా ఆయన రోజుకోసారి అంటూనే ఉన్నారు. దాన్ని నేనెప్పుడూ తిట్టుగా తీసుకోలేదు. చరిత్ర పాఠం చెప్పేదానికి నోరు కాక ఇంకేముంటుంది అనుకునేదాన్ని. ఆ నోటితోనే ఒక మనిషిని పోగొట్టుకున్నాను కాబట్టి ఇప్పుడు చేత్తో రాస్తున్నాను.

గుత్తిలో పన్నెండేళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు చరిత్ర చెప్పాను. తర్వాత మా ఆయన ఉద్యోగం వెంట అమెరికాలో ప్లెయిన్స్‌బరో వచ్చి డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూలబడ్డాను. క్లాసు లేదు, పిల్లలు లేరు, బెల్లు లేదు. కూర మాడినా కారణాలు ఇవీ, ఫలితాలు ఇవీ అని చెప్పుకుపోతుంటే మా ఆయనకు విసుగొచ్చింది. "తల్లీ, నీకు దండం పెడతాను, ఎవరికైనా పాఠం చెప్పుకో. నన్నొదిలెయ్" అని ఆయనే లైబ్రరీకి డ్రైవ్ చేసి తీసుకెళ్ళి వాలంటీరుగా చేర్పించారు. ఇంగ్లిష్ సరిగా రానివాళ్ళతో మంగళవారం పొద్దున గంటన్నర కూర్చుని మాట్లాడించాలి. అంతే పని.

అక్కడ నా బల్ల దగ్గరికి ఒకావిడ వచ్చింది. మెక్సికో దేశం, ప్యూబ్లా నగరం పక్కన పల్లెటూరు. నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. తెల్లవారకముందే ఆఫీసులు శుభ్రం చేసే పనికి పోయి, అది ముగించుకుని నేరుగా వచ్చేది. నన్ను 'మాయెస్త్రా' అనేది. వాళ్ళ భాషలో టీచరమ్మ అని. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో! చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, మొదటి రోజే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మొదట పనికొచ్చే మాటలు నేర్పాను. ఎవరైనా ఫోన్ చేస్తేనో తలుపు కొడితేనో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి. "షీ ఈజ్ నాట్ హోమ్ రైట్ నౌ. మే ఐ టేక్ ఎ మెసేజ్?" ఆవిడకు 'హోమ్' గొంతులోంచి 'ఖోమ్' అని వచ్చేది. నేను ఊరుకుంటానా! "మళ్ళీ, మళ్ళీ" అని ముప్పైసార్లు అనిపించాను. మెసేజ్ అనే ముందు ఒక్క క్షణం ఆగి, గుర్తు తెచ్చుకుని అనేది. ఆ ఆగడం మాత్రం ఎంత చెప్పినా పోలేదు.

ఒక మంగళవారం ఆవిడే అసలు విషయం బయటపెట్టింది. మా మాటలన్నీ వచ్చీరాని ఇంగ్లిష్‌లోనే నడిచేవి. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"మాయెస్త్రా, మే నెలలో మా అమ్మాయికి పదిహేను నిండుతాయి. మా దగ్గర అది పెద్ద పండగ. చర్చికి పోతాం, భోజనాలు పెడతాం. తల్లి లేచి నాలుగు మాటలు చెప్పాలి."

"చెప్పు మరి!"

"దానికి స్పానిష్ రాదు. వంటింటి మాటలు తప్ప. మొన్న నన్నేమందో తెలుసా? మెక్సికోలో ఏముందమ్మా, తినడానికి టాకోలు తప్ప అంది. నాకు అర్థమైంది. జవాబు చెప్పడానికి ఇంగ్లిష్ లేదు. నోరు మూసుకుని గిన్నెలు తోముకున్నాను."

ఆ పండగరోజు పదే పది నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడి, మన దేశం ఇదీ అని కూతురికి చెప్పాలి. ఆవిడకు కావలసింది అదొక్కటే. నాకైతే పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టు అయింది. ఆ సాయంత్రమే కొత్త నోటు పుస్తకం తీశాను.

మెక్సికో గురించి నాకేం తెలుసు, నా మొహం! మా పాఠ్యపుస్తకంలో ఒక్క పేరా ఉండేది. పిల్లలకు 'ఇది పరీక్షకు రాదు, వదిలెయ్యండి' అని చెప్పిన పేరా. ఇప్పుడు లైబ్రరీలో పుస్తకాలు ముందేసుకుని చదివాను. చదివింది తీసుకెళ్ళి ఆవిడకు చెబితే, ఆవిడ అందులో తన ఊరిని చూపించేది. సరస్సు మధ్య కట్టిన నగరాన్ని స్పెయిన్ వాళ్ళు నేలమట్టం చేశారు, మశూచి వచ్చి జనం కుప్పలుగా పోయారు అని నేనంటే, తను చిన్నప్పుడు ఎక్కి ఆడుకున్న గుట్ట గురించి చెప్పింది. నెత్తిన చర్చి ఉన్న గుట్ట. అది గుట్ట కాదని, పాత గుడి మీద మట్టి పేరుకుందని, దాని మీద చర్చి కట్టారని ఎనిమిదో ఏట బళ్ళో చెప్పారట. "ఆ రోజు నుంచి ఎక్కాలంటే కాళ్ళు రాలేదు మాయెస్త్రా" అంది.

మూడు వందల ఏళ్ళు స్పెయిన్ కింద. ఒక పల్లెటూరి పూజారి చర్చి గంట కొట్టి జనాన్ని లేపితే స్వాతంత్ర్యం. అది వచ్చి ముప్పై ఏళ్ళు నిండకముందే అమెరికాతో యుద్ధం. ఒక్క సంతకంతో సగం దేశం ఇటు వచ్చేసింది. అప్పుడు నేను మా జిల్లాల గురించి చెప్పాను. నిజాం మా సీమను ఇంగ్లీషు వాళ్ళకు ఇలాగే రాసిచ్చాడని, దత్తమండలాలు అనేవాళ్ళని, అక్కడున్న జనాన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదని. ఆవిడ ఆసక్తిగా ముందుకు వంగింది.

"తర్వాత తిరిగిచ్చారా?"

"ఎవరికి తిరిగిస్తారు! ఇంగ్లీషు వాళ్ళే వెళ్ళిపోయారు."

"మా దగ్గర తీసుకున్నవాళ్ళు వెళ్ళలేదు" అంది. ఇద్దరం నవ్వాం. లైబ్రరీ అమ్మాయి ఇటు చూసింది.

భూమి కోసం పెద్ద విప్లవం జరిగింది. ఆవిడ తాతకు ఆ పుణ్యాన ఊరి ఉమ్మడి భూమిలో చిన్న చెక్క వచ్చింది. మొక్కజొన్న వేసుకున్నాడు. ఆవిడ తండ్రీ అదే వేశాడు. ఆ తర్వాత అమెరికాతో వ్యాపార ఒప్పందం కుదిరి, అక్కడి మొక్కజొన్న చవగ్గా వచ్చి పడింది. తండ్రి పండించింది కొనేవాడు లేడు. అన్నలు ఇద్దరు ఉత్తరానికి వచ్చేశారు, వాళ్ళ వెనక ఈవిడ. నేను అలవాటుగా కారణాలు, ఫలితాలు అని గీత గీసి రాసుకుంటున్నాను. ఆవిడ పుస్తకంలోకి తొంగి చూసి, "ఫలితాలు అంటే నేనా?" అని అడిగింది. ఈసారి ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

మేం పోట్లాడుకున్నది ఒక్క వాక్యం దగ్గరే. మే అయిదు. ఇక్కడ ఆ రోజు హోటళ్ళ ముందు రంగుల బోర్డులు పెట్టి తాగి ఊగుతారు. అది ప్యూబ్లా యుద్ధం గెలిచిన రోజు. ఫ్రాన్స్ సైన్యం వస్తే, ఆ ఊరివాళ్ళు చిరుగుల బట్టలతో నిలబడి ఓడించారు. నా ఇంగ్లిష్‌లో దాన్ని బ్రహ్మాండంగా రాసి అక్కడితో ఉపన్యాసం ముగించాను. ఆవిడ వేలు పెట్టి చూపించింది.

"ఇంకో మాట ఉంది. మరుసటి ఏడాది వాళ్ళు ఇంకా ఎక్కువమంది వచ్చారు. మేం ఓడిపోయాం."

"శుభమా అని పిల్ల పుట్టినరోజు పెట్టుకుని ఓడిపోయామంటావా? గెలిచామని చెప్పి కూర్చో!"

"గెలిచింది అందరూ చెబుతారు. ఇది నేనే చెప్పాలి. లేకపోతే ఒకసారి గెలిస్తే చాలు అనుకుంటుంది."

సరే సరే అన్నాను. ఇంటికొచ్చి ఫెయిర్ కాపీ రాసేటప్పుడు ఆ వాక్యం ఎగరగొట్టాను. ఆవిడకు చెప్పకుండానే. పన్నెండేళ్ళు పిల్లల జవాబులు దిద్దిన పొగరు.

ఏప్రిల్‌లో మా స్నేహితురాలు కూతురికి ఓణీల ఫంక్షన్ చేసింది. మా దగ్గరా ఇలాంటి పండగే ఉంది, వచ్చి చూడు అని ఆవిడను పిలిచాను. నీలం గౌను వేసుకుని, తనే చేసిన తీపి రొట్టెలు బుట్టలో పెట్టుకుని వచ్చింది. ఓణీలో ఉన్న పిల్లను చూసి చేతులు గుండెల మీద పెట్టుకుంది. నా గొప్ప చూడాలి! ఈవిడ నా స్టూడెంట్ అని అందరికీ చెప్పుకు తిరిగాను.

భోజనాల దగ్గర లైనులో నిలబడ్డాం. మావాళ్ళు నలుగురు చేరితే మాట ఎటు పోతుందో తెలిసిందే, వీసాల మీదికే. ప్రయారిటీ డేట్ ఎంత, ఎక్స్‌టెన్షన్ వచ్చిందా, స్టాంపింగ్‌కు ఎప్పుడెళ్తున్నారు. మాకది భోంచేశారా అని అడిగినంత మామూలు. ఆ లైనులోనే ఉన్నాడు, పదిహేనేళ్ళుగా గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తూ రూల్సన్నీ కంఠతా పట్టిన ఒకాయన. ఎవరి కాగితాలైనా చూసి పెడతాడు, మంచివాడు. పక్కన ఈవిడ, ఎదురుగా ఆయన. నాకు సాయం చేయాలని బుద్ధి పుట్టింది.

"అన్నయ్యా, ఈవిడ కేసు కొంచెం చూసి పెట్టండి" అని తెలుగులో అని, ఆవిడ వైపు తిరిగి ఇంగ్లిష్‌లో, అందరూ వినేలా అడిగేశాను. "ఏ వీసా నీది? అప్లై చేశావా?"

ఆయన వడ్డించుకుంటూనే ఇంగ్లిష్‌లో అందుకున్నాడు. "చెప్పండి, చెప్పండి. ఓవర్‌స్టేనా, బోర్డర్ దాటి వచ్చారా? అదొక్కటి తెలిస్తే చెప్పేస్తాను."

వెనకెవరో, "వీళ్ళకేంటి బావా, లైన్‌లో నిలబడేది మనమే కదా" అన్నారు తెలుగులో. ఎవరో నవ్వారు. ఆవిడకు తెలుగు రాదు. నవ్వు అర్థం కావడానికి భాష అక్కర్లేదు కదా. ప్లేటు బల్ల మీద నెమ్మదిగా పెట్టింది. పులిహోర ఒక్క ముద్ద కూడా ముట్టలేదు. "బాత్‌రూమ్" అని నాతో అంది, నవ్వుతూనే. అంతే. పావుగంట తర్వాత వెతికితే లేదు. తీపి రొట్టెల బుట్ట మాత్రం గిఫ్టుల పక్కన అలాగే ఉంది.

కారులో మా ఆయన అన్నారు.

"రోజూ న్యూస్ చూస్తున్నావు కదా. ఇమిగ్రేషన్ పోలీసులు పనికి పోయేవాళ్ళను ఎక్కడికక్కడ వ్యాన్లు ఎక్కించుకుపోతున్నారు. నలుగురిలో అడిగే మాటేనా అది?"

"సాయం చేద్దామనే కదండీ!"

"మనకు వీసా అంటే తలనొప్పి. వాళ్ళకు అలా కాదే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడకు కాగితాలు ఉన్నాయో లేవో నాకు ఈ రోజుకీ తెలీదు. ఉన్నా, ఒకసారి అంతమంది మధ్య ఆ ప్రశ్న అడిగాక, నేనెవరినో ఆవిడకు మాత్రం ఏం తెలుసు? ఎవరితో చెబుతానో ఏం తెలుసు? సగం దేశం ఎలా పోయిందో వారాల తరబడి కూర్చుని చెప్పిన నేనే, అదే నోటితో ఆవిడను లైన్‌లో నిలబెట్టి అడిగాను. ఛీ!

మంగళవారం కుర్చీ ఖాళీ. ఆ తర్వాతి మంగళవారమూ అంతే. ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. మెసేజ్ పెడితే జవాబు లేదు. పండగ దగ్గరికొచ్చేసింది, ఉపన్యాసం ఫెయిర్ కాపీ నా బ్యాగులో ఉంది. అయిదు పేజీలు. ఆవిడ దగ్గర ఒక్క ముక్క లేదు. అది లేకపోతే ఆవిడ మళ్ళీ నోరు మూసుకుని గిన్నెలు తోముకోవాల్సిందే. కూతురికి టాకోలే మిగులుతాయి.

ఒకసారి వానలో ఆవిడను ఇంటి దగ్గర దింపాను కాబట్టి దారి తెలుసు. బుధవారం మధ్యాహ్నం వెళ్ళాను. రెండో అంతస్తు. లోపల రేడియో పాట వినిపిస్తోంది. తలుపు కొట్టాను. పాట ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను.

"నేనే, మాయెస్త్రాని" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినిపించింది.

చాలాసేపటికి తలుపు అవతల నుంచి గొంతు వచ్చింది.

"షీ ఈజ్ నాట్ హోమ్ రైట్ నౌ. మే ఐ టేక్ ఎ..." ఒక్క క్షణం ఆగింది. "మెసేజ్?"

హోమ్ అనే మాట చక్కగా పలికింది. ఒక్క తప్పు లేదు. ముప్పైసార్లు అనిపించింది నేనే. 'నేను ఎవరికీ చెప్పను, నువ్వు నన్ను నమ్మచ్చు' అని చెప్పాలని నోరు తెరిచాను. ఎలా చెప్పాలో తెలియలేదు.

మెట్ల మీద కూర్చుని కాగితాలు తీశాను. అయిదో పేజీ చివర, నేను ఎగరగొట్టిన వాక్యాన్ని పెన్నుతో రాశాను. మరుసటి ఏడాది వాళ్ళు ఇంకా ఎక్కువమంది వచ్చారు, మేం ఓడిపోయాం. మోకాలి మీద పెట్టి రాస్తే అక్షరాలు వంకర పోయాయి. దిద్దలేదు. కాగితాలు తలుపు కింద సందులోంచి లోపలికి తోశాను. సగం దాకా వెళ్ళి ఆగాయి.

"నో మెసేజ్" అన్నాను.

తలుపు అవతల ఆవిడ నిలబడే ఉంది. కింద సందులో పాదాల నీడ కనిపిస్తోంది. కాగితాల సగం ఇవతలే ఉంది. కాసేపు చూశాను. నేను మెట్లు దిగేదాకా వాటిని ఎవరూ లోపలికి లాక్కోలేదు.