బెండకాయ పగ

ప్రేమమణి టీచరు గారు స్వర్గం కంటే నరకం బాగా వేసేవారు. వారమంతా తిరుమలగిరిలో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పి, ఆదివారం బోయిన్‌పల్లిలోని మా చర్చిలో సండే స్కూలు నడిపేవారు. దేవుడు ఐగుప్తు మీదికి కప్పల్ని వదిలిన తెగుళ్ళ చార్టు వేసి గోడకు తగిలించిన రోజున ముందు వరుసలో ఇద్దరు పిల్లలు చాప తడిపారు. అందులో ఒకదాన్ని నేనే. ఆవిడ కప్పలకు కోరలు పెట్టారు. కప్పలకు కోరలుంటాయా అని అడిగే ధైర్యం నాకు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు.

ఆవిడ వేసిన ఒకే ఒక స్వర్గం చర్చిలో పాస్టరు గారు ప్రసంగించే పుల్పిట్ వెనక గోడ మీద ఉండేది. ఐదు నెలలు నిచ్చెనెక్కి జీవవృక్షం వేశారు. ఆ చెట్టుకు పన్నెండు రకాల కాపు అని బైబిల్లో ఉంది కానీ, ఏమేం కాయలో లేదు. ఆవిడ మార్కెట్ యార్డు చుట్టూ తిరిగి మామిడి, జామ, సీతాఫలం, సపోటా అంటూ పదకొండు పూర్తి చేశారు. పన్నెండోది తోచక బెండకాయ వేశారు. ఎవరో నవ్వితే, "పరలోకంలో పులుసు పెట్టుకోవద్దా?" అన్నారు.

తొంభై ఆరులో చర్చికి యాభై ఏళ్ళు నిండాయని సెక్రటరీ యేసురాజు గారు రంగులు వేయించారు. ఆయన ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. లోకంలో ఆయనకు కనిపించేవి రెండే: శుభ్రంగా ఉన్నవి, శుభ్రం చేయాల్సినవి. చెట్టుతో సహా గోడంతా నీలం పెయింటు కొట్టించారు. ఆ చెట్టు ఎవరు వేశారో ఆయన ఎన్నడూ అడగలేదు. శనివారం సాయంత్రం టీచరు గారు చార్టులు పట్టుకుని వచ్చి, గోడను చూసి నిలబడిపోయారు.

"క్లీన్‌గా లేదూ అమ్మా?" అన్నారాయన.

"ఉందండీ" అన్నారావిడ.

ఆ 'ఉందండీ' రెండేళ్ళు ఆవిడ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను బ్రహ్మచారి గారి స్క్రీన్ ప్రింటింగ్ షాపులో పనిచేస్తున్నాను. పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు మా పని. ఒకరోజు టీచరు గారు పదహారు కాయితాలు తెచ్చి బల్ల మీద పరిచారు.

బ్రహ్మచారి గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఏందమ్మా గిది? లగ్గం పత్రికనా?"

"కాదండీ. పగ."

"పగకు ఏ సైజు కార్డు పెట్టమంటవ్?"

"పుస్తకం సైజు. యాభై కాపీలు."

బొమ్మల కథ అది. పేరు 'బెండకాయ పగ'. పెద్ద ముక్కున్న ఒక సెక్రటరీ ఒంటరిగా చర్చిలో కూర్చుని లెక్కలు చూసుకుంటుంటాడు. వెనక నీలం గోడకు చెమట పడుతుంది. పెయింటు పగిలి ఒక బెండకాయ వేలులా బయటికొచ్చి ఆయన చెవి గోకుతుంది. సీతాఫలం కళ్ళన్నీ తెరుస్తుంది. ఆయన అరిస్తే నోట్లోంచి అరుపుకు బదులు రంగులు చుట్టలు చుట్టలుగా వస్తాయి. చొక్కా కరుగుతుంది, నేల నదిలా కదులుతుంది. చివరి పేజీలో సండే స్కూలు పిల్లలు చెట్టు మీది కాయలు లెక్కపెడతారు. పదమూడు వస్తాయి. పదమూడో కాయకు ముక్కుంటుంది.

"రంగులు తక్కువున్నయ్" అన్నారు బ్రహ్మచారి గారు. "సర్కస్ పోస్టర్లకు తెచ్చిన మెరుపు ఇంకులు మిగిలినయ్. గులాబీ, పచ్చ, నారింజ. కానీ చూస్తే తల తిరుగుతది."

"తిరగాలండీ. అందుకే కదా వేయించేది."

ఒక్కో రంగుకు సన్నని బట్ట బిగించిన ఒక్కో ఫ్రేము. కాయితం మీద ఫ్రేము పెట్టి, రబ్బరు పట్టీతో ఇంకు లాగాలి. గులాబీ దగ్గర నా చెయ్యి జరిగింది. ముక్కుకు పచ్చ అంచు ఒకచోట, గులాబీ అంచు ఇంకోచోట పడ్డాయి.

"ఖరాబ్ జేసినవ్ కదనే డోరా! ముక్కు రెండయింది!" అన్నారు బ్రహ్మచారి గారు.

నాకు ఏడుపొచ్చింది. టీచరు గారు కాయితాన్ని దూరంగా పట్టుకుని చూశారు. ముక్కు వణుకుతున్నట్టుంది, ఊపిరి పీలుస్తున్నట్టుంది.

"అన్నీ ఇలాగే జరుపవే" అన్నారు.

కాయితాలు మడతపెడుతూ ఆవిడ నాతో అన్నారు: "క్షమాపణ అక్కర్లేదే నాకు. ఆయన ఇది చదవాలి. ఇందులో ఉన్నది నేనే అనుకోవాలి. అంతే."

కోత పండుగ వచ్చింది. ఇంటికో బుట్ట తెచ్చి చర్చికి అర్పిస్తే, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. టీచరు గారి బుట్టలో బెండకాయల మీద పుస్తకం ఉంది. మిగతా కాపీలు ముందురోజే అందరిళ్ళకూ చేరాయి, సెక్రటరీ గారింటికి తప్ప.

కోశాధికారి ఆర్థర్ గారు మైకులో వేలం పాట మొదలుపెట్టగానే యేసురాజు గారు చెయ్యెత్తారు. ఆయనకు బెండకాయ ఇష్టం. బుట్ట అందుకుని పుస్తకం తిప్పారు. నవ్వారు. ఇంకో పేజీ తిప్పి పొట్ట పట్టుకున్నారు.

"ఒరే ఆర్థరూ! ఇది అచ్చం నువ్వేరా! ఆ ముక్కు చూడు!"

ఆర్థర్ గారిది చప్పిడి ముక్కు. ఆయన మైకు ఆపేసి చెప్పుల వంక చూశారు. ఆడవాళ్ళ వైపు కొంగులు నోళ్ళలోకి వెళ్ళాయి.

"ఎవరు వేశారయ్యా ఇది?"

ఆర్థర్ గారు టీచరు గారిని చూపించారు.

"నీలో ఇంత కళ ఉందని తెలీదే అమ్మా! ఆ గోడ చూడు, బోసిగా ఉంది. క్రిస్మస్ లోపల దాని మీద మంచి బొమ్మొకటి వెయ్యరాదూ? నిచ్చెన నేను తెప్పిస్తా."

టీచరు గారు గోడ వంక చూశారు. నేను ఆవిడ వేళ్ళను చూశాను, హ్యాండ్‌బ్యాగు జిప్పును లాగుతున్నాయి, మూస్తున్నాయి. 'సరేనండీ' అంటే చాలు, గోడ మళ్ళీ ఆవిడదే.

"ఆ గోడ మీద బొమ్మ ఉంది సార్" అన్నారావిడ. "మీ నీలం కింద ఉంది. నేనే వేశాను. ఆ పుస్తకంలో ఉన్నది ఆర్థర్ గారు కాదు. మీరు."

యేసురాజు గారు మొదటి పేజీకి వెళ్ళారు. చాలాసేపు చూశారు. నెమ్మదిగా చెయ్యి ఎత్తి ముక్కు తడుముకున్నారు.

"నా ముక్కు ఇంతుంటుందా?"

వెనక వరుసలోంచి ఆయన మేనత్త రోసమ్మ గారు, "ఉంటుంది నాయనా, పుట్టినప్పటి నుంచీ ఉంది" అన్నారు.

ఆ తర్వాత ఆరోజు వేలం సాగలేదు. ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

క్రిస్మస్‌కు నిచ్చెన రాలేదు. గోడ నీలంగానే ఉంది. సండే స్కూలు నుంచి టీచరు గారికి కొన్నాళ్ళు 'విశ్రాంతి' ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. విశ్రాంతి వచ్చిన మనిషి ఇప్పుడు పిల్లల గదికి బదులు ఆరాధనలో నా పక్కన కూర్చుంటున్నారు. చిత్రమేమిటంటే, పాతికేళ్ళుగా పుల్పిట్ పక్కన గోడకు వీపు ఆనించి ప్రకటనలు చదివిన యేసురాజు గారు అక్కడికి రావడం మానేశారు. తలుపు దగ్గర నిలబడి చదువుతున్నారు. అక్కడ ఫ్యాను గాలి బాగా తగులుతుందట.

"అక్కడ ఫ్యానే లేదే" అన్నారు టీచరు గారు, పాటల పుస్తకం మూతికి అడ్డం పెట్టుకుని.