మూడు పీపాల మీద ఇంటూ గుర్తులు

మా ఇంట్లో ముక్కు మాటొస్తే రెండు ముక్కుల గురించే చెప్పుకోవాలి. మా పిన్ని ముక్కుకు వాసన తెలుసు. నా ముక్కు మీద కోపం ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయేది పిన్ని గురించే అయినా కోపం లేకుండా చెప్పడం నా వల్ల కాదు. ముందే చెప్పేశాను, తర్వాత నన్ను అనొద్దు.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ద్రాక్షతోటల మధ్య ఉన్న వైన్ కంపెనీ నేలమాళిగలో ముప్పై ఒక్క ఏళ్లుగా పనిచేస్తోంది. అక్కడ అందరికీ ఆవిడ ముక్కమ్మ. వెక్కిరించడానికి పెట్టిన పేరే, కానీ పోను పోను అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆవిడ కూడా పట్టించుకోలేదు. అదీ నాకు కోపమే.

నేలమాళిగలోకి పన్నెండు మెట్లు దిగాలి. కింద నాలుగు వరసల్లో నలభై పీపాలు. ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకోవాల్సినంత చలి, గోడలకు ఎప్పుడూ చెమ్మ. పీపాలో పోసిన వైన్ పోసినట్టే ఉండదు. "చెక్క కూడా తాగుతుందే, మనుషులే తాగుతారా?" అనేది పిన్ని. చెక్క తాగినకొద్దీ పైన ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది, గాలి చేరితే వైన్ పులిసి వెనిగర్ అయిపోతుంది. అందుకని వారం వారం ప్రతి పీపా బిరడా తీసి, అంచుదాకా నింపి, మళ్లీ చెక్క సుత్తితో బిగించాలి. నింపేముందు పిన్ని వాసన చూస్తుంది. తర్వాత సన్నటి గాజు గొట్టంతో కాస్త తీసి, నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మేస్తుంది. ఇన్నేళ్లూ వైన్‌లోనే బతికిన మనిషి ఒక్క గుక్క కూడా మింగలేదంటే బయటివాళ్లు నమ్మరు.

ఆవిడకు చదువూ రాతా వచ్చు. కానీ ఆ చెమ్మలో పుస్తకం పెడితే నెల తిరక్కుండా బూజు పడుతుంది. అందుకే పాత మేస్త్రి ఆవిడకు సుద్దముక్క పట్టుకోవడం నేర్పాడు. పీపా ముఖం మీద, ఎడమవైపు కింద, కూర్చున్న మనిషి చెయ్యి ఆనే చోట ఒక గుర్తు. సున్నా పెడితే బాగుందని. అడ్డగీత పెడితే అలిగిందని, ఇంకొన్నాళ్లు కదపొద్దని. ఇంటూ పెడితే పాడైందని, దేంట్లోనూ కలపొద్దని. ఇంటూ పడిన పీపాను తర్వాతి వారం మనుషులు బయటికి దొర్లించేస్తారు. ఆ గుర్తు దాటి ఒక్క చుక్క పైకి వెళ్లిన రోజు లేదు. మేస్త్రి పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. జలుబు చేసిన మనిషి మెట్లు దిగకూడదు. పని చెయ్యని ముక్కుతో పీపా ముందు కూర్చోవడం దొంగతనం అనేవాడట ఆయన.

ఆదివారాలు పిన్ని నన్ను కళ్లు మూసుకోమని, గ్లాసులు ఒకదాని తర్వాత ఒకటి నా ముక్కు కిందికి తెచ్చేది. ఏ పీపాదో చెప్పమనేది. పదికి ఏడు సరిగ్గా చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ ఆవిడ మొహం వెలిగిపోయేది. తన తర్వాత నేను కిందికి దిగుతానని ఆశ. నాకేమో ఆ చీకట్లో, ఆ చెమ్మలో ముప్పై ఏళ్లు కూర్చోవాలంటే ఒళ్లు జలదరించేది. పైన సీసాలకు లేబుళ్లు అంటించే పనిలో చేరాను. అక్కడ కిటికీ ఉంది.

రెండేళ్ల క్రితం కొత్త మేనేజర్ వచ్చాడు. ఎండలో కూడా కోటు విప్పడు కాబట్టి కోటు సారయ్యాడు. వచ్చిన నెలకే "ఇంకా సుద్దముక్కలేంటి? అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి" అన్నాడు. సరే, కిందున్న గుర్తులు చూసి పైన ఎవరు ఎక్కించాలి? అది మాత్రం చెప్పలేదు. ఎవరినీ పెట్టలేదు. రెండేళ్లూ ఆ కంప్యూటర్ మీద దుమ్ము పేరుకుంది, సుద్దగుర్తులు పని చేశాయి. పొద్దున్నే ఆయన వేసే గుడ్ మార్నింగులకు పిన్ని లేచి నిలబడేది. నేను పళ్లు నూరుకునేదాన్ని.

ఆ సమయంలో దేశం మొత్తం మీద ఉన్న వైన్ల గురించి ఒక రచయిత వారపత్రికలో రాస్తున్నాడు. కొండల మీది తెల్ల వైన్లనీ, సముద్రం పక్క ఉప్పుగాలి తిన్న ద్రాక్షలనీ, ఇసుక నేలల్లో పండే పుల్లటి రకాలనీ వారానికొకటి పొగిడాడు. ఒకప్పుడు మన వైన్ అంటే మొహం చిట్లించిన వాళ్లంతా ఇప్పుడు ఆ వ్యాసాలు కత్తిరించి దాచుకుంటున్నారు. అలాంటి ఆయన మా దగ్గరికి బుధవారం వస్తానన్నాడు. యజమాని పెద్దాయనకు కాలు నిలవలేదు. కోటు సారు హడావిడి ఇక చెప్పక్కర్లేదు.

శనివారం పిన్ని నలభై పీపాలూ చూసింది. మూడో వరసలో మూడింటికి ఇంటూ పెట్టింది. ఆదివారం సాయంత్రానికి ముక్కు మూసుకుపోయి, కళ్లు ఎర్రబడి, దుప్పటి కప్పుకుని పడుకుంది. సోమవారం నుంచి పనికి వెళ్లలేదు. పీపాల సంగతి ఎవరికీ ప్రత్యేకంగా చెప్పి పంపలేదు. ఎందుకు చెప్పాలి? తను లేని రోజు కోసమే కదా ఆ గుర్తులు.

మంగళవారం కోటు సారు మా లేబుళ్ల గదిలోంచి నన్నూ ఇంకో అమ్మాయినీ పిలిచి తడిగుడ్డలు చేతికిచ్చాడు. "ఫొటోలు తీస్తారు. పీపాలన్నీ అద్దాల్లా మెరవాలి. ఆ సుద్దగీతలు చూస్తే చిన్నపిల్లల బడిలా ఉంది" అన్నాడు. నేను మూడో వరసకు వచ్చి ఆగాను.

"సార్, ఇవి పిన్ని గుర్తులు" అన్నాను.

"అవన్నీ కంప్యూటర్లో ఉంటాయిలే. తుడువమ్మా. అన్నట్టు రేపు గ్లాసుల పళ్లెం పట్టుకుని ఫొటోలో నిలబడేది నువ్వే. మంచి ఏప్రన్ వేసుకుని రా."

కంప్యూటర్లో లేవని నాకు తెలుసు. ఆయనకూ తెలిసే ఉంటుంది. అయినా తుడిచాను. ఫొటో అనగానే నా కోపం ఎటు పోయిందో తెలియదు. మా పిన్ని ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ఫొటోలో లేదు, నేను పనిలో చేరిన మూడేళ్లకే ఎక్కబోతున్నాను. సిగ్గు లేకుండా అదే ఆలోచించాను.

బుధవారం పొద్దున్నే ఆ గుడ్డతోనే పీపాలు ఇంకోసారి తుడిచాను. తర్వాత రచయిత వచ్చాడు. గ్లాసు తిప్పి, ముక్కు పెట్టి, పండిన రేగుపళ్లనీ, వానకు తడిసిన రాయనీ ఏమేమో అన్నాడు. పిన్ని అయితే బాగుందనో, అలిగిందనో, దారి తప్పిందనో ఒక్క మాటలో తేల్చేసేది. ఫొటో తీశారు. గురువారం నలభై పీపాలూ ఒకే తొట్టెలో కలిపేశారు. అంతకుముందు పరీక్షకని వరసకు ఒక్క పీపా చొప్పున, అదీ మొదటి పీపాలోంచే తీశారు. ఆ నాలుగూ బాగానే ఉన్నాయి. పిన్ని జలుబు తగ్గి సోమవారం దిగేసరికి కింద ఖాళీ పీపాలు మెరుస్తున్నాయి. ఆ మూడింట్లోదీ ముందే పారబోసి ఉంటారనుకుంది. అడిగితే "అంతా చూసుకున్నాం" అన్నాడు కోటు సారు.

నేను ఇంట్లో నోరు మెదపలేదు.

మూడు నెలలకు దేశంలోని వైన్లన్నిటికీ పోటీ జరిగింది. మా సీసా తెరిచిన న్యాయనిర్ణేతలు ఏడుగురూ నోట్లో పోసుకోగానే మొహం చిట్లించి ఉమ్మేశారట. అందులో ఒకడు 'వంటింట్లో వెనిగర్ సీసాలోకి పనికొస్తుంది' అని కాగితం మీద రాసి మరీ పంపాడు. ఆ కాగితం చూసి పెద్దాయన రెండు రోజులు గది దాటి రాలేదు. మూడో రోజు పిన్నిని పైకి పిలిపించారు. రుమాలుతో చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కుతున్న పిన్నిని చూసి, ఎవరూ పిలవకపోయినా నేనూ వెనకే వెళ్లాను.

పెద్దాయన కుర్చీలో ఉన్నాడు. కోటు సారు నిలబడి ఒక కాగితం ముందుకు జరిపాడు. పాడైన పీపాలను గుర్తించడంలో తనదే నిర్లక్ష్యమని పిన్ని ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. కింద సంతకానికి చోటు. అది పెడితే ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ల పేరు అక్కడితో సరి.

"నేను గుర్తు పెట్టానయ్యా. మూడింటికీ పెట్టాను" అంది పిన్ని, పెద్దాయనవైపు తిరిగి.

"మాటలు కాదమ్మా, రుజువు కావాలి" అని కోటు సారు వారపత్రిక తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. "ఇదిగో, ఆ వారం తీసిందే. మూడో వరస. ఎక్కడుంది మీ గుర్తు?"

పేజీ నిండా మెరిసిపోయే పీపాలు. వాటి ముందు పళ్లెం పట్టుకుని, పళ్లికిలిస్తూ నేను.

పిన్ని కళ్లజోడు సవరించుకుని ఫొటోను చాలాసేపు చూసింది. పీపాలను చూస్తోందనుకున్నాను. కాదు. నా నడుము దగ్గర, కొత్త ఏప్రన్ తాడులో దోపి మర్చిపోయిన గుడ్డను చూస్తోంది. దాని నిండా తెల్లటి సుద్ద. పిన్ని తలెత్తి నావైపు ఒక్కసారి చూసింది. చెయ్యి చాచి కలం తీసుకుంది.

అప్పుడు నాకొచ్చిన కోపం జన్మలో ఎప్పుడూ రాలేదు. ఆ కోటు మీద, కుర్చీలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్న పెద్దాయన మీద, నన్ను కాపాడ్డానికి నోరు మూసుకున్న పిన్ని మీద. అన్నిటికంటే ఎక్కువ పేజీలో నవ్వుతున్న ఆ మొహం మీద.

"సంతకం పెట్టకు పిన్నీ!" అని అరిచాను. "గుర్తులు ఉండేవి. నేనే తుడిచాను. ఈ సార్ తుడవమన్నాడు, నేను తుడిచాను. ఇదిగో, ఫొటోలో నా నడుముకున్న గుడ్డ, కళ్లున్నవాళ్లు చూసుకోండి!"

"నువ్వేం మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" అన్నాడు కోటు సారు. మొహం పాలిపోయింది.

"తెలిసే మాట్లాడుతున్నా. తెలియనట్టు మూడు నెలలు ఉన్నాను, చాలు."

పెద్దాయన పత్రిక తనవైపు తిప్పుకున్నాడు. పిన్ని కలం బల్ల మీద పెట్టేసింది. ఏప్రన్ జేబులోంచి సుద్దముక్క తీసి, ఆ కాగితం మీద ఎడమవైపు కింద ఇంటూ పెట్టింది. తెల్ల కాగితం మీద తెల్ల సుద్ద సరిగ్గా కనిపించలేదని ఇంకోసారి గట్టిగా దిద్దింది. "ఇది పాడైందయ్యా. దేంట్లోనూ కలపకండి" అని కాగితాన్ని పెద్దాయన ముందుకు తోసి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

అంతటితో న్యాయం జరిగిందనుకునేరు. కోటు సారు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, అదే కోటులో. కాకపోతే పీపాల జోలికి వెళ్లొద్దని పెద్దాయన గట్టిగా చెప్పాడట. నా పని మాత్రం సాయంత్రానికల్లా ఊడింది. పిన్ని పేరు నిలబడింది. మర్నాడు పొద్దున్నే ఏమీ జరగనట్టు శాలువా కప్పుకుని పనికి బయల్దేరింది. "ఏ మొహంతో వెళ్తున్నావ్ అక్కడికి?" అని నేను కసిరితే, "కొత్త వైన్ పోశారు. నింపకపోతే పాడైపోతుంది" అని చెప్పులేసుకుంది. నాతో అన్న మాట అదొక్కటే. తర్వాత మూడు రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. కంచం పెట్టేది, దుప్పటి ఇచ్చేది, మొహం మాత్రం చూసేది కాదు. తన పక్షాన నిలబడి అరిచినదాన్ని నేనైతే నాతో మాట్లాడదేమిటని లోపల కుతకుతలాడాను.

నాలుగో రోజు పొద్దున్న వంటింటి గట్టు దగ్గర నాకు వీపు పెట్టి గిన్నెలు కడుగుతూ అడిగింది.

"గుర్తులు తుడవమన్నాడు, తుడిచావు. అది సరే. బిరడాల దగ్గర కూడా తుడిచి ఉంటావు కదా. అక్కడ చెమ్మ కారుతూ ఉంటుంది. వాసన రాలేదా నీకు?"

ఎవరి మీద కోప్పడాలో వెతికాను. ఆ గదిలో పిన్నీ నేనూ తప్ప ఎవరూ లేరు.

"వచ్చింది పిన్నీ" అన్నాను.